జావా నేర్చుకునే దారి: ఫీజు కంటే ముందు కావలసినవి

(సొసైటీ వార్షిక సభలో, స్కాలర్‌షిప్‌ల పంపిణీ సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

ఈ రోజు స్కాలర్‌షిప్ అందుకున్న పిల్లలకు మా అభినందనలు.

మేము కంప్యూటర్ ఇంజనీర్లం కాము, బి.ఎడ్. చదివి బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. అయినా విద్యా సహాయం దరఖాస్తులు చూసే పని మాకు అప్పగించారు గనుక ఒక మాట తరచూ మా చెవిన పడుతోంది: "సార్, జావా నేర్చుకోవాలి. హైదరాబాద్ వెళ్లాలి. ఫీజుకి సాయం చేయండి." అడిగేది దర్జీ కొడుకో, పంక్చర్ షాపు వాళ్ల అమ్మాయో. ఫీజు ఒక్కటే కాదు, అమీర్‌పేటలో హాస్టల్, తిండి, రైలు చార్జీలు కూడా ఉంటాయి. కొడుకునైతే అప్పు చేసైనా పంపుతారు. కూతురి విషయానికి వచ్చేసరికి "అంత దూరం ఎందుకమ్మా" అంటారు. ఒకే చదువు చదివిన ఇద్దరిలో ఒకరి చదువు అక్కడే ఆగిపోతోంది. అందుకే ఈ విషయం ఎత్తుకున్నాం.

జావాను జేమ్స్ గాస్లింగ్ బృందం సన్ మైక్రోసిస్టమ్స్‌లో తయారుచేసింది. 1995లో బయటికి వచ్చింది. 2010 నుంచి ఒరాకిల్ కంపెనీ చేతిలో ఉంది. జావాస్క్రిప్ట్ అనేది వేరే భాష. పేరు చూసి ఆ పుస్తకం తెచ్చుకుంటే ప్రయోజనం లేదు.

దీన్ని ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భాష అంటారు. పేరు విని భయపడనక్కర్లేదు. మన గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేసేవారిని మనం ఎరుగుదుం. వీణ ఎలా ఉండాలో పనివాడి మనసులో ఒక నమూనా ఉంటుంది: 7 తీగలు, 24 మెట్లు, మీటితే పలకాలి. ఆ నమూనాయే క్లాస్. దాని ప్రకారం తయారైన ఒక్కొక్క వీణ ఒక ఆబ్జెక్ట్. తీగలు, మెట్లు దాని గుణాలు. పలకడం దాని పని, దాన్ని మెథడ్ అంటారు. జ్ఞాపికగా ఇచ్చే బొమ్మ వీణకు పెద్ద వీణ రూపం వారసత్వంగా వచ్చింది. అది ఇన్‌హెరిటెన్స్. ఈ నాలుగు మాటలు పట్టుబడితే తక్కిన పాఠం దారిలో పడుతుంది.

మరి ఎక్కడ నేర్చుకోవాలి? ఫీజు లేకుండా దొరికేవి చాలానే ఉన్నాయి. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్‌లో సుమారు పది నిమిషాల చిన్న చిన్న పాఠాలుంటాయి. అక్కడ తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో మాటలు చేర్చిన పాఠాలు దొరుకుతాయి. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ ఆచార్యులు దేబాశిస్ సామంత చెప్పిన 12 వారాల జావా కోర్సు ఉంది. వినడానికి రుసుము లేదు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి. ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయం కోర్సు కూడా ఉచితమే. 14 భాగాలు. మనం రాసిన ప్రోగ్రాం తప్పో ఒప్పో అక్కడ కంప్యూటరే దిద్ది చెబుతుంది. అయితే అది ఇంగ్లీషులో ఉంటుంది.

ఇన్ని ఉన్నాక కొరత ఎక్కడ? ఎంచుకోవడంలో ఉంది. పిల్లలు పది వీడియోలు దాచుకుంటారు, అమీర్‌పేట నోట్సు జిరాక్స్ తెచ్చుకుంటారు, దేన్నీ సగం దాటరు. పాఠం ఎంచుకునే ముందు మూడు సంగతులు చూడండి.

మొదటిది, ఏ వెర్షన్ మీద చెప్పారో చూడండి. స్పోకెన్ ట్యుటోరియల్ జావా పాఠాలు పాత వెర్షన్‌వి. ఒరాకిల్ వారి పాత ట్యుటోరియల్ 2014లో వచ్చిన జావా 8 కోసం రాసింది. పునాది నేర్చుకోవడానికి అవి చాలు. కానీ తర్వాత వచ్చిన మార్పుల కోసం కొత్త పాఠం కూడా చూడాలి. రెండవది, అభ్యాసాలు ఉన్నాయా? ఈత గట్టున కూర్చుని రాదు. మూడవది, ఆ పాఠం చెప్పే భాష మీకు అర్థమవుతోందా? తెలుగులో విని విషయం పట్టుకుని, తర్వాత అదే పాఠం ఇంగ్లీషులో చదవండి. ఇంటర్వ్యూలో అడిగేది ఇంగ్లీషులోనే.

మూడూ చూశాక ఒక్క కోర్సు, ఒక్క పుస్తకం పెట్టుకుని చివరిదాకా వెళ్లండి. ప్రతి ఉదాహరణనూ మీ చేత్తో టైపు చేయండి. "కెనాట్ ఫైండ్ సింబల్" అని వస్తే బెదిరిపోకండి. ఆ పేరు తనకు దొరకలేదని కంప్యూటర్ చెబుతోంది, అంతే. చాలాసార్లు పెద్ద అక్షరం రాయాల్సిన చోట చిన్న అక్షరం రాయడమే కారణం. ఇంగ్లీషులోలా పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే తేడా తెలుగులో లేదు, ఉర్దూలోనూ లేదు. అందుకని మన పిల్లలు ఇక్కడ రెండింతలు జాగ్రత్తగా ఉండాలి.

ఇక కమిటీ పెద్దలకు ఒక విన్నపం. సొసైటీ సొమ్ము అమానత్. ఫోను ప్రతి ఇంట్లో ఉంది గానీ, ఫోను మీద పాఠం వినగలం, ప్రోగ్రాం రాయడం కష్టం. పిల్లలకు లేనిది కీబోర్డు, పక్కన కూర్చుని అడిగేవాడు. ఒక గది, వాడిన కంప్యూటర్లు మూడు, నెట్ కనెక్షన్ ఇప్పించండి. జావా సాఫ్ట్‌వేర్‌కు పైసా కట్టనక్కర్లేదు, ఓపెన్‌జేడీకే ఉచితం. ఆదివారం ఉదయం అమ్మాయిలకు, సాయంత్రం అబ్బాయిలకు కేటాయించండి. మన ఊరి నుంచి వెళ్లి బెంగళూరులో, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న పిల్లలు వారానికి ఒక గంట ఫోనులో సందేహాలు తీర్చినా చాలు.

కోచింగ్ వద్దని మేము అనడం లేదు. ఎనిమిది వారాలు ఇక్కడ కూర్చుని తాను రాసిన ప్రోగ్రాములు చూపించిన వారికి, ఆ తర్వాత ఫీజు సాయం ఇద్దాం. అప్పుడు వెళ్లేవారు ఏం నేర్చుకోవాలో తెలిసి వెళతారు. వెళ్లలేని ఆడపిల్లకు కూడా చదువు ఆగిపోదు.

తల్లిదండ్రులారా, ఆదివారం ఆ రెండు గంటలు మీ అమ్మాయిని ఇంటిపని నుంచి విడిచిపెట్టండి. మీ వంతుగా మేము అడిగేది అదొక్కటే. ఖుదా హాఫిజ్.