ఆయిల్ ఇంజను విప్పే చేతులకి చెవి మిషను ఎందుకు అందదు?

(అమలాపురంలో సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ధాన్యం బకాయిలు, కొబ్బరి ధర వదిలేసి ఈయన వైద్య పరికరాల మీద పడ్డాడేమిటి అనుకుంటారని తెలుసండి. ఆ ఖర్చు కూడా పంట డబ్బులోంచే పోతోంది, అందుకే మాట్లాడుతున్నాను.

బీపీ మిషను, నెబ్యులైజరు, చెవి మిషను ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. 2021లో కరోనా రెండో విడతలో అప్పుచేసి ఆక్సిజన్ కాన్సంట్రేటరు కొన్నవాళ్లున్నారు. మా ఊళ్లో నేనెరిగినవి రెండు అటకెక్కాయి. అందులో ఉన్నదేమిటండి? గాలిని ఒత్తే కంప్రెసరు, నైట్రోజన్‌ని పట్టి ఉంచే జియోలైట్ గుళికలు, ఫిల్టర్లు. ఫిల్టరు మూసుకుపోతే గాలి అందదు, చెమ్మ తగిలితే గుళికలు పాడవుతాయి. కోనసీమలో చెమ్మకి కొదవా? ఒకాయన కంపెనీకి ఫోను చేస్తే మిషను హైదరాబాదు పంపమన్నారట. అది తిరిగి వచ్చేదాకా రోగి ఊపిరి బిగబట్టి కూర్చోవాలా?

అన్నిటికంటే గుండె తరుక్కుపోయేది చెవిటి పిల్లల సంగతి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద పేద పిల్లలకి కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు చేశారు. మంచి పనేనండి, కాదనను. అయితే లోపల పెట్టినది సగమే. మిగతా సగం చెవి వెనక తగిలించే ప్రాసెసరు, దాని తీగ, అయస్కాంతం ఉన్న కాయిలు, బ్యాటరీలు. పిల్లలన్నాక ఆడతారు, చెమట పడుతుంది, తీగ తెగుతుంది. ఒక కంపెనీ తీగ ఇంకో కంపెనీ మిషనుకి పట్టదు. వారంటీ దాటితే ఆ కంపెనీ చెప్పిందే ధర. ప్రాసెసరు ఆగిన రోజు ఆ పిల్లకి మళ్లీ నిశ్శబ్దమే, బళ్లో పాఠం మాత్రం ఆగదు.

అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2022లో కరెంటు చక్రాల కుర్చీలకి మరమ్మతు హక్కు చట్టం చేసింది. విడిభాగాలు, పనిముట్లు, మాన్యువల్, లోపలి సాఫ్ట్‌వేర్ యజమానికీ బయటి మెకానిక్కుకీ ఇవ్వాల్సిందే. మరుసటి ఏడు, 2023లో, అదే రాష్ట్రం ట్రాక్టర్లకీ హార్వెస్టర్లకీ అలాంటి చట్టమే చేసింది. వికలాంగులు ముందు గెలిచారు, రైతులు వెనక గెలిచారు. గుర్తుపెట్టుకోండి.

మన దేశంలో 2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, డిసెంబరులో పోర్టలు తెరిచారు. ఎంచుకున్న రంగాలు నాలుగు: వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు. మన ట్రాక్టరు ఉంది, మన పిల్ల చెవి మిషను లేదు!

అడ్డగోలుగా ఎవరు పడితే వాళ్లు విప్పమని నేననడం లేదండి. కాన్సంట్రేటరు బాగుచేశాక ఆక్సిజన్ ఎంత శాతం వస్తోందో కొలవాలి, కొలవకుండా పెడితే ప్రాణానికే చేటు. అందుకే మాన్యువల్ కావాలి, కొలిచే సాధనం కావాలి, శిక్షణ పొందిన మనిషి కావాలి. ప్రభుత్వాసుపత్రుల యంత్రాల మరమ్మతుకి మన రాష్ట్రం 2015లోనే కాంట్రాక్టు పెట్టింది. ఆ మనుషులు ఏరియా ఆసుపత్రికి వస్తున్నప్పుడు, నెలకో రోజు ఇళ్లలో మిషన్లు కూడా చూడమనడం గొంతెమ్మ కోరికా? అమలాపురంలో ఒకటి, రాజోలులో ఒకటి, కొత్తపేటలో ఒకటి, మూడు చోట్ల చాలు. ఇదీ, వైద్య పరికరాలని అయిదో రంగంగా చేర్చాలన్నదీ రెండు తీర్మానాలుగా పెడుతున్నాను. 2011లో పంట విరామం ప్రకటించిన సీమ మనది, రెండు కాగితాలు పంపలేమా?

ఈలోగా చేయగలిగినవి చెబుతాను. బిల్లు, వారంటీ కార్డు పారేయకండి. విడిభాగం లేదంటే ఆ మాట కాగితం మీద రాయించుకోండి. 1915కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే జిల్లా కమిషన్‌లో కేసు వేయొచ్చు, అయిదు లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు. చెవి మిషను రాత్రిపూట సిలికా జెల్ సంచి వేసిన డబ్బాలో మూతపెట్టి ఉంచండి.

వచ్చే నెల సమావేశానికి మీ ఊళ్లో మూలపడ్డ మిషన్ల జాబితా తీసుకురండి. ఏ రకం, ఎప్పుడు కొన్నారు, ఎందుకు ఆగింది, కంపెనీ ఏమంది. ఈ నాలుగూ రాస్తే చాలు.