నీటి లోతు, నీటి బలము



మన పిల్లలు కన్నడములోనో, తమిళములోనో, ఒడియాలోనో, ఇంగ్లీషులోనో భౌతికశాస్త్రము చదువుచున్నారు. పాఠము ఏ భాషలో నున్నను నీటి స్వభావ మొక్కటే. ఇంటిలో ఆ పాఠమును తెలుగున చెప్పుకొనుటకు వీలుగా, నీటి పీడనమును గూర్చియు ఉత్ప్లవనమును గూర్చియు నేడు నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

హోసపేట చెంతనున్న తుంగభద్ర ఆనకట్టకు 33 గేట్లు కలవు. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకొనిపోయినది. జలాశయము నిండియున్న సమయమది. అధికారులు తక్కిన గేట్లను గూడ తెరచి నీటిని దిగువకు వదలిరి. బళ్లారి, రాయచూరు, కర్నూలు, అనంతపురము ప్రాంతములలో ఆ నీటినే నమ్మిన రైతులకు గుండె చెరువైనది. ఒక గేటు పోయినందుకు ఉన్న నీటిని గూడ వదలనేల యని అడుగుట సహజమే. దానికి సమాధానము లెక్కలో నున్నది.

ఘనపుటడుగు నీరు సుమారు 28 కిలోల బరువుండును. పది అడుగుల లోతున, ప్రతి చదరపుటడుగుపైనను పది ఘనపుటడుగుల నీటి బరువు, అనగా సుమారు 283 కిలోల ఒత్తిడి యుండును. ఇదియే పీడనము. ఇది క్రిందికి మాత్రమే కాక, ప్రక్కలకును పైకిని గూడ అంతే బలముతో నొత్తును. ఇందులో చెరువెంత విశాలమను ప్రశ్న లేదు. ఇరువది అడుగుల లోతు గల బావిగోడకును, అంతే లోతు గల మహాజలాశయపు గోడకును చదరపుటడుగుపై పడు పీడన మొక్కటే.

తుంగభద్ర గేటు 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు గలది. నీరు పైయంచుదాక నిండినపుడు దానిపై బడు మొత్తము ఒత్తిడి సుమారు 340 టన్నులు. నీరు పది అడుగులకు దిగినచో ఒత్తిడి సగము కాదు, నాలుగవ వంతు, అనగా 85 టన్నులు మాత్రమే. తడియు భాగము సగమగును, సగటు పీడనమును సగమగును గదా! కనుక మట్టము దించుట ఆనకట్ట క్షేమమునకై చేసిన పనియే. పిదప నీరు పారుచుండగనే, గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడుగారి పర్యవేక్షణలో ఉక్కు పలకలను ఒకదానిపై నొకటి దించి, వారము దినములలో ఆ ఖాళీని మూసిరి.

ఉత్ప్లవనము ఈ పీడనమునకు బిడ్డయే. చేదబావిలో నీరు నిండిన బొక్కెన మునిగియున్నంతసేపు తేలికగా వచ్చును. నీటిని దాటి పైకి రాగానే చేతులు లాగివేయును. నీటిలోని వస్తువునకు అడుగుభాగము ఎక్కువ లోతున నుండును గనుక, దానిని పైకి నెట్టు ఒత్తిడి, పైభాగమును క్రిందికి నొక్కు ఒత్తిడికంటె అధికము. ఆ తేడాయే ఉత్ప్లవనము. అది వస్తువు తొలగించిన నీటి బరువునకు సమానమని ఆర్కిమిడీసు తెలిపెను. బోర్లించిన బిందెను పట్టుకొని ఏరు దాటిన మన పెద్దలు ఈ సూత్రమును చేతులతోనే యెరిగిరి. ఉక్కు నీటికంటె దాదాపు ఎనిమిది రెట్లు బరువు గనుక, నీటిలో మునిగిన ఉక్కు పలక తన బరువులో ఎనిమిదవ వంతు మాత్రమే కోల్పోవును. అదే ఉక్కును ఓడగా మలచినచో తన బరువునకు సరిపడు నీటిని తొలగించి తేలును.

చివరగా తలిదండ్రులకు ఒక మనవి. ఈతగాని దేహమును నీరు పైకి మోయు బలము, అతని బరువును మించుట కొద్ది కిలోలు మాత్రమే. పది అడుగుల లోతున చదరపుటడుగు వెడల్పున తెరచియున్న తూమునకు దేహము అడ్డుపడినచో, దానిని తూముకు అదిమిపట్టు బలము సుమారు 283 కిలోలు. ఎంతటి ఈతగాడైనను దానిని విడిపించుకొనజాలడు. పైకి నీరు ఎంత నిశ్చలముగా కనబడినను, తెరచిన తూము దరికి పిల్లలను పోనీయకుడు. లెక్క మరచినను ఈ మాట మరువవలదని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాము.