నొప్పి లేదని ఊరుకోవద్దు
(వార్షిక సర్వసభ్య సమావేశంలో వన్ టౌన్ సంఘం సభ్యురాలి ప్రసంగం)



పళ్ళ డాక్టరు దగ్గరకి మనం ఎప్పుడెళ్తాం? దవడ వాచి, రాత్రి నిద్ర పట్టకపోతే వెళ్తాం. మా సంఘం పుస్తకంలో పన్ను పీకించుకోడానికి తీసుకున్న అప్పులున్నాయి గానీ, ముందుగా చూపించుకోడానికి తీసుకున్నది ఒక్కటీ లేదు. పుచ్చు మొదట్లో నొప్పి పెట్టదు. చిన్న నల్లచుక్కగా ఉన్నప్పుడైతే సిమెంటు పెడితే సరిపోతుంది. నరం దాకా వెళ్ళాకే నొప్పి. చిగుళ్ళలో రక్తం వస్తే వేడి చేసిందని మజ్జిగ తాగి ఊరుకుంటాం, గార తీయించుకోం.

నొప్పి లేకుండా ముదిరేది ఇంకోటి ఉంది. అడ్డపొగ. హార్బరు వైపు మన పెద్దవాళ్ళలో చుట్ట నిప్పు నోటి లోపల పెట్టుకుని కాల్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. సముద్రం గాలికి ఆరదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి. వాళ్ళ లెక్క వాళ్ళది. కానీ ఆ వేడి, పొగ తగిలేది అంగిటికి. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి, డెన్మార్క్ డాక్టరు పిండ్‌బోర్గ్, మన దేశపు డాక్టర్లు కలిసి 1971లో ఈ సంగతే రాశారు.

మా అత్తకి నలభై ఏళ్ళ అలవాటు. "నొప్పేటీ నేదు కదే, దేనికెల్లాలి?" అనేది. కట్టుడు పళ్ళ కోసమని అబద్ధం చెప్పి తీసుకెళ్ళాను. డాక్టరు లైటు వేసి చూస్తే అంగిటి మీద రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ, మధ్యలో ఎర్రగా ఉంది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. క్యాన్సర్ కాదన్నారు, ఇంకా. చుట్ట మానాలి, మూడు నెలలకోసారి చూపించాలి అన్నారు. మానేశానంటోంది. అగ్గిపెట్టె మాత్రం దిండు కిందే ఉంది, రోజూ పోట్లాటే.

అందుకని అడుగుతున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళ నోట్లోకి ఒకసారి సెల్ లైటు వేసి చూడండి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలైనా మానని పుండు ఏది కనిపించినా ఆగకండి. కేజీహెచ్ మనకి దగ్గరే. ఏమీ కనిపించకపోయినా, ఆరు నెలలకోసారి పిల్లల్నీ మిమ్మల్నీ చూపించుకోండి.

అత్తని మళ్ళీ వచ్చే మంగళవారం తీసుకెళ్ళాలి. మా వీధి నుంచి నలుగురు పెద్దవాళ్ళు పేర్లిచ్చారు. రెండు ఆటోలు మాట్లాడాం, ఇంకా ఇద్దరికి చోటుంది.