పాదసేవతో మొదలైన వైద్యము



ఇంటికి వచ్చిన అతిథికి ముందుగా కాళ్ళు కడుగుకొన నీళ్ళిచ్చుట మన పల్లెల మర్యాద. ఇల్లు వాకిలి లేక నగరవీథులలో కాలము గడుపువారికి ఆ నీళ్ళిచ్చువారెవరు? అమెరికా దేశమున బోస్టన్ నగరములో ఒక నర్సు ఆ పనినే వైద్యమునకు తొలిమెట్టు గావించెను. ఆమె పేరు బార్బరా మకినిస్. ఆమె సేవను గురించి నేడు మీకు విన్నవింపదలచితిమి.

బోస్టనులో పైన్ స్ట్రీట్ ఇన్ అను ఆశ్రయశాల 1969 లో వెలసెను. ఇల్లులేనివారు రాత్రివేళ అచ్చట తలదాచుకొందురు. అందలి చిన్న చికిత్సాలయమును నర్సులే నడుపుచుండిరి. మకినిస్ వారిలో ఒకతె. వచ్చినవారిని కుర్చీలలో కూర్చుండబెట్టి, వారి పాదములను నీటితొట్టిలో నానబెట్టి, కడిగి, తుడిచి, పుండ్లకు కట్లు కట్టుట వారి నిత్యకృత్యము.

పాదములతోనే ఏల ప్రారంభింపవలెను? ఇల్లులేనివాడు పగలంతయు నడచుచునో, నిలిచియో యుండును. కాళ్ళు చాపుకొన చోటు దొరకక, రాత్రి పలుమారులు కూర్చుండియే నిద్రించును. అందువలన కాళ్ళలోనికి నీరు దిగి వాచును. తడిసిన మేజోళ్ళు మార్చుకొనుటకు వేరొక జత యుండదు. చర్మము నాని చిట్లును. బోస్టనులో చలికాలమున నీరు గడ్డకట్టును. ఆ చలికి వ్రేళ్ళు చచ్చుబడి, ఒక్కొకప్పుడు తీసివేయవలసివచ్చును. మధుమేహము గలవారికి చిన్న పుండైనను పెద్ద ఆపదయే.

1985 లో అమెరికాలోని 19 నగరములలో ఇల్లులేనివారి వైద్యమునకై ఒక పథకము మొదలయ్యెను. బోస్టనులో ఆ పనికి జేమ్స్ ఓకానెల్ అను యువవైద్యుడు వచ్చెను. హార్వర్డు వైద్య కళాశాలలో చదివి, పెద్ద ఆస్పత్రిలో శిక్షణ ముగించినవాడు. ఒక్క సంవత్సరము పనిచేసి పోవలెనని ఆయన తలంపు. మకినిస్, ఆమె తోడి నర్సులు ఆయన స్టెతస్కోపును పక్కన పెట్టించి, ముందు పాదములు కడుగుమనిరి. ఆయన కాదనలేదు.

అచ్చటికి వచ్చువారిలో మనోవ్యాధితో బాధపడు వృద్ధుడొకడుండెను. ఆస్పత్రిలో ఎవరెంత చెప్పినను మందు ముట్టడు. ఓకానెల్ కూడ మునుపు ఆస్పత్రిలో ఆయనకు చెప్పి చూచి విఫలుడైనవాడే. ఆశ్రయశాలలో మాత్రము ఆ వృద్ధుడు వాచిన కాళ్ళను తొట్టిలో పెట్టుకొని కూర్చుండెడివాడు. వైద్యుడు వానిని కడుగుచుండెడివాడు. కొన్ని వారములు గడచిన పిమ్మట, నీవు డాక్టరువు గదా, కాళ్ళు కడుగుచున్నావేమని వృద్ధుడే అడిగెను. నర్సులు చెప్పినట్లు చేయుచున్నానని ఆయన బదులు చెప్పెను. మరికొన్నాళ్ళకు, తనకు నిద్ర పట్టుట లేదు, ఏదైన మందిమ్మని వృద్ధుడు తానై కోరెను. ఎవరి మాటకును లొంగని మనిషి అట్లు వైద్యమునకు సమ్మతించెను.

ఆస్పత్రిలో రోగి పండుకొనియుండును, వైద్యుడు పైనుండి చూచును. ఇచ్చట రోగి కుర్చీపై నుండును, వైద్యుడు ఆయన పాదముల చెంత నుండును. నలుగురును అదలించి తరిమివేయు మనిషికి ఆ గౌరవమే తొలి ఔషధము.

అయితే ఇట్లు ఓర్పు వహించుటకు కాలము మిక్కిలి తక్కువ. 1988 నుండి 1993 వరకు బోస్టనులో ఈ పథకము క్రింద వైద్యము పొందిన 17 వేలకు పైబడిన పెద్దవారిని గూర్చి 1997 లో ఒక పరిశోధన ప్రకటింపబడెను. వారిలో మరణించినవారి సగటు వయస్సు 47 ఏండ్లు మాత్రమే. కావుననే ఆ వైద్యులును, నర్సులును రోగి వచ్చువరకు వేచియుండక, రాత్రులందు బండిలో వీథులు తిరిగి, వంతెనల క్రిందను, అరుగులపైనను ఉన్నవారిని వెదకి పలుకరించిరి.

మరియొక చిక్కు కలదు. శస్త్రచికిత్స జరిగిన మనిషిని ఆస్పత్రివారు ఇంటికి పంపుదురు. ఇల్లే లేనివాడు కట్టుతో ఎక్కడికి పోవును? అట్టివారు కోలుకొనుటకై 1985 లోనే 25 పడకలు ఏర్పరచిరి. 1993 లో దీనికై వేరొక భవనము సమకూర్చి, దానికి మకినిస్ పేరు పెట్టిరి. ఆమె 2003 లో కన్నుమూసెను. 2008 లో ఆ విశ్రాంతిగృహము 104 పడకలతో క్రొత్త భవనమునకు మారెను. ఒక్క యేడాదికని వచ్చిన ఓకానెల్ దశాబ్దముల తరబడి ఆ పనిలోనే నిలిచెను.

ఇది నగరముల సంగతి, మాకేమని అనుకొనవలదు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున ఇల్లులేనివారు 17 లక్షల 70 వేలకు పైబడి యున్నారు. వారిలో 8 లక్షల 30 వేలకు పైగా గ్రామసీమలలోనివారే. మన ఊరి సత్రపు అరుగుపైనో, బస్సులు ఆగుచోటనో అట్టివారు కనిపింపవచ్చును. అట్టివారిని చూచినపుడు ముందు పేరడిగి పలుకరింపుడు. కాలిపుండున్నచో వారి సమ్మతితో గోరువెచ్చని నీటితో కడిగి, తడిలేకుండ ఒత్తి, శుభ్రమైన గుడ్డ కట్టుడు. స్పర్శ తగ్గిన కాళ్ళకు వేడి తెలియదు. కావున నీటిని ముందు మీ మోచేతితో చూచుకొనుడు. పిదప ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తోడ్కొనిపొండు. నేడు రానన్నచో కోపింపక, రేపు మరల అడుగుడు.