తేనెపెట్టెలో నల్లిని లెక్కపెట్టండి



వరిచేలో సుడిదోమ పడిందో లేదో తెలుసుకోవాలంటే మీరేం చేస్తారు? గట్టుమీద నిలబడి చూచి ఊరుకోరు. చేలోకి దిగి, దుబ్బును వంచి తట్టి, నీళ్ళమీద పడిన దోమను లెక్కపెడతారు. లెక్క మించితేనే మందు సంగతి. తేనెటీగలు పెంచేవారికి కూడా సరిగ్గా ఇదే పద్ధతి కావాలి. ఈగను పట్టి పీడించే నల్లిని ఎలా లెక్కపెట్టాలో ఈనాడు మనవి చేస్తాను.

ఈ నల్లి పేరు వరోవా. మంచంలో నల్లి వేరు, మిరపతోటలో నల్లి వేరు, ఇది వేరు. చిన్న ఆవగింజంత ఉంటుంది. ఎర్రని గోధుమరంగు. పీత డిప్పవలె పొడవు తక్కువ, వెడల్పు ఎక్కువ. ఈగ పొట్టకింద పొరల సందున దూరి, దాని ఒంట్లోని కొవ్వును తింటుంది. పిల్ల గదికి మూతపడే ముందు లోపలికి చేరి, మూత చాటున గుడ్లు పెడుతుంది. బయటికి వచ్చే పిల్ల ఈగతో పాటు కొత్త నల్లులూ వస్తాయి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత దీనికి సరిపోతుంది. పిల్లలు ఎక్కువగా ఉన్న పెట్టెలో సగానికి మించిన నల్లులు మూతలకిందే ఉంటాయి. పైకి పెట్టె కళకళలాడుతూనే ఉంటుంది.

మరి మన పుట్టతేనె ఈగకు ఈ బాధ లేదా అని మీరు అడగవచ్చు. నల్లి దానికి పాత చుట్టమే. 1904లో జావా దీవిలో ఈ జాతి నల్లిని మొదట వర్ణించింది ఆ ఈగమీదనే. తరతరాల సహవాసంలో ఆ ఈగ నల్లిని గీరి పారవేయడం నేర్చుకున్నది. దాని కూలి ఈగల గదుల్లో నల్లి సంతానం దాదాపు సాగదు. పోతు ఈగల గదుల్లోనే సాగుతుంది. ఇటాలియన్ ఈగ సంగతి అలా కాదు. అది 1960ల్లో పంజాబు ప్రాంతంలో నిలదొక్కుకున్నది. 1990ల మొదట్లో దక్షిణాదిన థాయి సాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు పుట్టతేనె ఈగలను తుడిచిపెట్టిన తరువాత, చాలామంది పెంపకందార్లు ఇటాలియన్ ఈగవైపు మళ్ళారు. దాని కూలి ఈగల గదుల్లో కూడా నల్లి పెరుగుతుంది. ఆ ఈగను ఎక్కువగా నాశనం చేసేది వేరే జాతి అని 2000లో తేలింది. దానికి పెట్టిన పేరు వరోవా డిస్ట్రక్టర్, అంటే నాశనకారి.

ఇక మన కృష్ణా డెల్టాలో జాగ్రత్త మరీ అవసరం. కారణాలు రెండు. చలిదేశాల్లో శీతకాలం రాణి గుడ్లు మానుతుంది, నల్లి పెరుగుదల ఆగుతుంది. మనకు అంత చలి లేదు గనుక పిల్లలు ఇంచుమించు ఏడాది పొడుగునా ఉంటాయి, నల్లికి విరామం లేదు. రెండవది, కాలువ కింద ఎటు చూచినా వరే. వరిలో మకరందం లేదు. పూత కరువైనప్పుడు ఈగల సంఖ్య తగ్గుతుంది, నల్లుల సంఖ్య తగ్గదు. మొన్న వందమందిమీద పడిన భారం నేడు యాభైమందిమీద పడుతుంది. అందుచేత నువ్వు, పొద్దుతిరుగుడు, మామిడి పూతలు ముగిసి కరువు దినాలు రాకముందే లెక్క చూచుకోవాలి. పూతలున్నప్పుడు సయితం నెలకొకసారి మానరాదు.

పద్ధతి వినండి. ఒక వెడల్పు మూతి సీసా తీసుకొని, మూతకు బదులు జల్లెడ తీగ బిగించండి. కన్ను మూడు మిల్లీమీటర్లుంటే నల్లి జారుతుంది, ఈగ జారదు. పిల్లలున్న చట్రం ఒకటి ఎత్తి, దానిమీద రాణి లేదని ఒకటికి రెండుసార్లు చూచుకోండి. అర కప్పు ఈగలను, అంటే సుమారు 300, సీసాలోకి దులపండి. వస్త్రగాళితం పట్టిన పంచదార పొడి రెండు పెద్ద చెంచాలు వేసి, ఒక నిమిషం మెల్లగా దొర్లించి, రెండు నిమిషాలు నీడలో ఉంచండి. తరువాత తెల్లని పళ్ళెంమీద సీసా బోర్లించి, ఒక నిమిషం గట్టిగా జాడించండి. పొడిమీద నీళ్ళు చిలికితే పంచదార కరిగి నల్లులు తేలతాయి. ఈగలను తిరిగి పెట్టెలో పోయండి. ఒంటికంటిన పంచదారను తోటి ఈగలు నాకివేస్తాయి. మన ముసురు గాలికి పొడి చెమ్మగిల్లి ముద్ద కడితే లెక్క తప్పుతుంది. కనుక పొడి వాతావరణంలోనే ఈ పని పెట్టుకోండి.

వచ్చిన లెక్కను మూడుతో భాగించండి. 3 నల్లులు రాలితే నూటికి ఒకటి, భయం లేదు. 6 అయితే నూటికి రెండు. పదిహేను రోజుల్లో మళ్ళీ చూడండి. 9 అయినా, మించినా చికిత్స చేయవలసిందే. పంచదారకు నల్లులన్నీ రాలవనీ, మూతకింద ఉన్నవి ఈ లెక్కలోకి రావనీ గుర్తుంచుకోండి.

మరొక నల్లి కూడా ఉన్నది, పేరు ట్రోపిలీలాప్స్. వాటర్ ట్యాంకులకు, పెద్ద చెట్లకు వేలాడే కొండ తేనెటీగ దానికి పుట్టిల్లు. అది సన్నగా, పొడుగ్గా, చురుగ్గా పరుగెత్తుతుంది. ఈగలమీద ఎక్కువసేపు ఉండదు గనుక పంచదారకు సరిగా దొరకదు. పిల్లల చట్రంమీది ఈగలను దులిపివేసి, చట్రాన్ని తెల్ల పళ్ళెం అంచుకు తట్టి, రాలినదాన్ని చూడాలి. పిల్లలు లేకపోతే అది రెండు మూడు రోజులకు మించి బ్రతకదు. రాణిని కొన్నాళ్ళు గుడ్లు పెట్టకుండా ఆపితే దాని పీడ తగ్గేది అందుకే.

చికిత్స మాట. మూతపడిన పోతు ఈగల పట్టును, పిల్లలు బయటపడకముందే కోసి తీసివేస్తే ఖర్చు లేకుండా ఎన్నో నల్లులు పోతాయి. ఫార్మిక్ ఆమ్లం వాడేవారు మోతాదు తెలిసినవారిని అడిగి, చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకొని వాడండి. బెజవాడ ఎండల్లో అది వేగంగా ఆవిరై రాణికే ముప్పు తెస్తుంది. తేనె తీసే పట్టులున్నప్పుడు మందు వద్దు. మిరపతోటకు కొన్న నల్లిమందు పెట్టెలో ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి. ఈగలూ చస్తాయి, తేనె కూడా చెడుతుంది. చికిత్స ముగిశాక మళ్ళీ లెక్కపెడితేనే గుణం తెలుస్తుంది.

రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు పెట్టె ముందు పాకులాడుతున్నవంటే, నల్లి మోసే వైరస్ అప్పటికే ముదిరిందన్నమాట. చేతులు కాలాక ఆకులు పట్టుకొని లాభం లేదు. పైగా చితికిన పెట్టెలో తేనె దోచుకోవడానికి పొరుగు ఈగలు వస్తాయి; తేనెతో పాటు నల్లినీ ఇంటికి మోసుకుపోతాయి. కాబట్టి మీ లెక్క మీ ఒక్కరి లెక్క కాదు. ప్రతి పెట్టెకు నంబరు వేసి, తేదీ, రాలిన నల్లుల సంఖ్య ఒక పుస్తకంలో వ్రాయండి. పక్కవారితో కలిసి ఒకే వారంలో చూచుకోండి. ఒక్కొక్క పెట్టెకు పట్టేది పావుగంట. ఆ పావుగంట బద్ధకిస్తే పోయేది పెట్టెడు ఈగలు.