బడిలో చెప్పవలసిన చరిత్ర



తిరువాన్కూరులో నాడారు స్త్రీలు పైబట్ట కప్పుకొను హక్కుకై పోరాడగా 1859లో రాజానుజ్ఞ వచ్చినది. అదియు అగ్రవర్ణ స్త్రీలవలె ధరింపరాదను నిబంధనతో. తొమ్మిదవ తరగతి చరిత్ర పుస్తకమునుండి ఆ వృత్తాంతమున్న అధ్యాయమును జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2019లో తొలగించినది. పిల్లలకు పాత పగలెందుకని మన పెద్దలు కొందఱు సంతోషించినారు. నేను సమ్మతింపను.

1939 జూలై 8న వైద్యనాథ అయ్యరు దళితులను వెంటబెట్టుకొని మధుర మీనాక్షి ఆలయము ప్రవేశించిన కథను గర్వముగా చెప్పుకొందుము. అంతవఱకు తలుపు మూసినదెవరని బాలుడడిగినచో అయ్యవారు నీళ్లు నమలవలెనా? మన తాతలకు తెఱచియున్న ఆ ద్వారము, మన తెలుగే మాటాడు అరుంధతీయులకు మూసియుండెను. తెల్లదొరల దోషములు మాత్రమే చెప్పి ఇది దాచిన పాఠము, వర్తకుడను గనుక చెప్పుచున్నాను, తక్కువ తూచిన సరకు. అరుంధతీయుల బిడ్డయు అదే బల్లపై కూర్చుండి వినుచున్నాడు. వానికి ఈ సంగతి ఇంటిలో తెలిసియేయున్నది.