నలుగురు కూడు చోటు: భాగ్యనగర గ్రంథాలయములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామము తన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవని పండుగ చేసికొనుట సామాన్య విషయము కాదు. గ్రంథాలయమును పెట్టుట సులభము, నిలుపుట కష్టము. పుస్తకములు కొనవచ్చును, బీరువాలు చేయింపవచ్చును. సాయంకాలమైనంతనే నలుగురు అచటికి వచ్చి కూర్చుండునట్లు చేయుట మాత్రము ధనముచే సాధ్యము కాదు. గ్రంథాలయమునకు ప్రాణము ఆ నలుగురే. ఈ మాటకు భాగ్యనగర గ్రంథాలయముల చరిత్రయే చక్కని నిదర్శనము.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున హైదరాబాదు సంస్థానములో తెలుగువారు లక్షలకొలది యుండిరి. కాని కచ్చేరీలో వ్యవహారము ఉర్దూలో, పెద్ద బడులలో పాఠము ఉర్దూలో జరుగుచుండెను. ఇంతమంది జనుల మాట ఇంటి గడపలోపలనే నిలిచిపోవునేమో యను భయము విజ్ఞులకు కలిగినది. అట్టి దినములలో 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారు, వారి దివాను కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు ఇందుకు పూనుకొనిరి. దానికి భాండాగారమని కాక భాషానిలయమని పేరిడుట గమనింపదగినది. పుస్తకములకు మాత్రమే కాదు, భాషకే ఒక ఇల్లు కావలెనను తలంపు ఆ పేరులో ఇమిడియున్నది.

ఆ దీపమునుండి వేరు దీపములు వెలిగినవి. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము, 1905లో సికిందరాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయము ఏర్పడినవి. చదువరులు చేరగానే మరియొక కొరత కన్పట్టినది. కావ్యములు, పురాణములు కలవు. దేశచరిత్రములు, ప్రకృతిశాస్త్రములు తెలుగున ఎన్ని కలవు? ఆ కొరత తీర్చుటకు లక్ష్మణరావు పంతులుగారు, రంగారావుగారు మొదలగువారు కలిసి 1906లో హైదరాబాదుననే విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము ఆ మండలి మొదటి పుస్తకము. పిమ్మట మండలి చెన్నపురికి తరలినను, దాని పుట్టినిల్లు భాగ్యనగరమే. నలుగురు ఒకచోట కూర్చుండి చదువుకొనుటనుండి పుస్తకములు పుట్టిన విధమిది.

రంగారావుగారు 1910లో దివంగతులైరి. ఆయన సహధర్మచారిణి లక్ష్మీనరసమ్మగారు భర్త నాటిన మొక్క వాడిపోకుండ ధనసాహాయ్యము చేసిరి. 1921 నాటికి సుల్తాను బజారులో భాషానిలయమునకు సొంత భవనము అమరినది. ఒకరి యింటి గదిలో మొదలైనది, ఊరివారందరి యిల్లు అయినది.

ఆ సంవత్సరముననే నవంబరు మాసమున నగరములోని వివేకవర్ధినీ నాటకశాలలో ఒక సంఘసంస్కార సభ జరిగినది. వక్తలు ఆంగ్లమున, ఉర్దూలో, మరాఠీలో మాటలాడిరి. ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప మొదలిడగా సభలో కొందరు అల్లరిచేసి, ఆయనను మాటలాడనీయలేదు. ఆ అవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టినది. మాడపాటి హనుమంతరావు పంతులుగారు దానికి వెన్నెముకయై నిలిచిరి. పగ తీర్చుకొనుట ఆ సంఘము కార్యక్రమములో లేదు. గ్రంథాలయములు, పఠనమందిరములు, పాఠశాలలు స్థాపించుట దాని ప్రధానాశయములలో నుండెను. నేడు తెలంగాణపు పల్లెలలో కానవచ్చు పాత గ్రంథాలయములలో కొన్నిటికి బీజము అచటనే పడినది.

ఆ కాలమున సభ జరుపవలెనన్న ముందుగా ప్రభుత్వానుమతి పొందవలెనను నిషేధాజ్ఞ యుండెను. దానిని గస్తీ నిషాను 53 అనెడివారు. పదిమంది కూడుటకే జంకవలసిన నాడు, గ్రంథాలయపు వార్షికోత్సవము, సాహిత్యోపన్యాసము, కవుల గోష్ఠి జనులకు ఒకరి ముఖమొకరు చూచుకొను అవకాశములైనవి. పద్యము వినవచ్చినవాడు పక్కవాని కష్టమును కూడ విని వెళ్లెను.

గ్రంథాలయమునకు రాలేనివారి మాట యేమి? ఈ ప్రశ్నకు వట్టికోట ఆళ్వారుస్వామిగారు తమ పాదములతో సమాధానము చెప్పిరి. ఆయన పేదయింట పుట్టి, చిన్ననాట వంటపని చేసి, తమంతట తామే చదువు నేర్చినవారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పి, ఆ పుస్తకములను తామే మోసికొని నగరపు వీధులలో ఇంటింటికి తిరిగి అమ్మిరి. పుస్తకమును గౌరవించుట యనగా బీరువాలో పెట్టి తాళము వేయుట కాదని ఆయన జీవితము బోధించుచున్నది.

ప్రభుత్వ పక్షమున 1891లో ఏర్పడిన ఆసఫియా గ్రంథాలయము 1936లో మూసీతీరమున అఫ్జల్‌గంజిలోని గొప్ప భవనమునకు మారినది. అరబ్బీ, పారశీక, ఉర్దూ వ్రాతప్రతులకు అది ప్రసిద్ధి. 1955లో హైదరాబాదు గ్రంథాలయ శాసనము, 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ శాసనము వచ్చినవి. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. పూర్వము దాతల దయతో నడచినది ఇపుడు పౌరుని హక్కైనది. దాత యెవరని వెదుకనక్కరలేదు. పన్ను కట్టు ప్రతి గృహస్థుడును దాతయే. ఆ సొమ్ము సక్రమముగా గ్రంథాలయమునకు చేరుచున్నదా యని అడుగు అధికారము కూడ అతనిదే.

ఇక నేటి సంగతి. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకు పోయిన, ఉద్యోగ పరీక్షలకు సిద్ధపడు యువతీయువకులు కిక్కిరిసి కనుపింతురు. పలువురు జిల్లాలనుండి వచ్చి, ఇరుకు గదులలో బసచేసి, తమ పుస్తకములు తామే తెచ్చుకొని పగలెల్ల చదువుదురు. వారికి గ్రంథాలయము ఇచ్చునది ఒక కుర్చీ, ఒక దీపము, ఒక నిశ్శబ్దము. ఇది గ్రంథాలయము పని కాదని ముఖము చిట్లించు పెద్దలు కలరు. అది న్యాయము కాదు. ఇంట చోటులేని బిడ్డకు కుర్చీ నిచ్చుట కూడ విద్యాదానమే.

అయినను ఒక లోటు గలదు. ప్రక్క ప్రక్కనే నెలల తరబడి కూర్చుండినవారు ఒకరి పేరొకరు ఎరుగక వెడలిపోవుట కద్దు. నాడు మాటలాడుటకు చోటు లేక గ్రంథాలయమునకు వచ్చిరి. నేడు గ్రంథాలయమున చోటున్నను మాటలేదు. పరీక్ష ముగిసిన పిదప ఆ యువకుడు మరల ఆ గడప తొక్కునా యనునదే అసలు ప్రశ్న. నవంబరు 14 మొదలు 20 వరకు జరుగు గ్రంథాలయ వారోత్సవములలో బాలల పోటీలు, ఉపన్యాసములు జరుగును. ఆ వారము కళకళలాడిన మందిరము తక్కిన యేబదియొక్క వారములు మౌనము పూనరాదు.

నగరముకంటె పల్లెకు ఈ విషయమున ఒక మేలు గలదు. ఇచట ఒకరినొకరు ఎరుగని వారుండరు. కావున వారమునకు ఒక సాయంకాలము పుస్తకము మూసి మాటకు తలుపు తీయుడు. చదువురాని తాతకు మనుమరాలు వార్తాపత్రిక చదివి వినిపించుగాక. పరీక్షకు చదువు బిడ్డకు ఒక మూల దీపము విడువుడు. గడప దాటలేని గృహిణులకు పుస్తకము ఇంటికి పంపుడు. ఆళ్వారుస్వామిగారు నడచిన దూరముతో పోల్చిన ఈ ఊరి వీధులు ఎంతటివి?

ఇరువదియైదేండ్ల నాడు ఈ తలుపు తెరచిన పెద్దలకు చేయదగిన నమస్కారము ఒకటే: రేపు సాయంకాలము కూడ ఇచట నలుగురు కూర్చుండి యుండుట.